సంతకం సార్‌ది

"నీ సిఫార్సు ఉత్తరం నువ్వే రాసుకొచ్చెయ్యమ్మా, నేను సంతకం పెట్టేస్తా," అన్నారు సార్, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆమె గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచి, "ఆ చేత్తోనే మన స్పీడుగాడిది కూడా రాసిపెట్టు. వాడికి నాలుగు వాక్యాలు వరసగా రాయడం రాదు," అన్నారు.

ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇదేం కొత్త కాదు. నాలుగేళ్ళుగా సార్ దగ్గర రీసెర్చ్ చేసి వెళ్ళే ప్రతివాడి ఉత్తరమూ ఆమే రాస్తుంది, సార్ సంతకం పెడతారు, వాళ్ళు సార్‌కి దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే మరి. కాకపోతే ఈసారి ఆమెకి కూడా ఉత్తరం కావాలి. పక్క ఊరి పరిశోధన సంస్థలో ఒకే ఒక్క ఉద్యోగం పడింది. మూడేళ్ళు జీతం, తనదంటూ ఒక బల్ల, ఒక తాళంచెవి. ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి, ఇది తప్పితే మళ్ళీ వయసు దాటిపోతుందని ఆమెకి బెంగ. దానికే స్పీడు కూడా పెట్టుకున్నాడు. నడకా స్పీడే, మాటా స్పీడే, అందుకే ఆ పేరు. బయటినుంచి ఏ పెద్దమనిషి వచ్చినా అందరికంటే ముందు చెయ్యి కలిపేది అతనే.

"పరిచయాలు పెంచుకోవాలమ్మా, పని ఒక్కటే చాలదు," అని సార్ ఆమెకి చాలాసార్లు చెప్పారు. చెప్పిన నోటితోనే, "ఆ టీ సంగతి కాస్త చూడు, నువ్వయితే చక్కగా చూస్తావు," అనేవారు. ఏ సెమినార్‌కైనా వచ్చినవాళ్ళకి పేరుపేరునా కప్పులు అందిస్తూ, చక్కెర వేసుకునేదెవరో, వేసుకోనిదెవరో ఆమెకి కంఠతా వచ్చింది. ఆ కప్పులు పుచ్చుకున్నవాళ్ళలో ఆమె ఏం చదువుతోందో అడిగినవాళ్ళు మాత్రం లేరు. ఇంటికొస్తే భర్త, "పరిచయాలంటే ఏమిటి, సాయంత్రం దాకా కబుర్లా?" అనేవాడు. మొగుడికేం, అన్నీ వేళాకోళాలే.

మర్నాడు పొద్దున్న, స్టవ్ మీద పాలు పెట్టి, వంటింటి గట్టుమీదే కాగితాలు పరుచుకుంది. ముందు స్పీడుది మొదలుపెట్టింది. ఇంకొకళ్ళ గురించయితే ఆమె పెన్ను పరుగే పరుగు. చురుకైనవాడు, నలుగురిలో కలిసిపోతాడు, మాట చక్కగా ఉంటుంది. అక్కడికొచ్చి ఆగిపోయింది. పని గురించి ఒక్క మాటైనా ఉండాలి కదా, ఏం రాయడం? అతని పని ఆమెకి తెలీనిది కాదు, లెక్కలు సరిచేసిపెట్టేది తనే. అప్పుడు రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. అద్దకం షెడ్ల నుంచి వచ్చే రంగునీళ్ళని వేరుశనగ తొక్కలతో శుభ్రం చెయ్యడం ఆమె పని. తొక్కలు వేసిన గ్లాసుల్లో సాయంత్రానికి రంగు దిగకపోతే ల్యాబ్‌లో ఎవరైనా పారబోసేస్తారు. ఆ వారం అత్తగారికి జ్వరమొచ్చి ఆమె రెండురోజులు ఇంట్లో ఉండిపోయింది, గ్లాసులు కడిగే దిక్కు లేక అలాగే ఉండిపోయాయి. మూడోరోజు వెళ్ళి చూస్తే ఒక గ్లాసులో నీళ్ళు తాగేటంత తేటగా ఉన్నాయి. కడగబోయి ఆగింది. ఆగి, స్టూలు లాక్కుని, ఎందుకిలా అయిందని ఆ పూటంతా దాన్నే చూస్తూ కూచుంది. ఆమె రీసెర్చ్ అంతా ఆ ఒక్క గ్లాసులోంచే వచ్చింది. స్పీడు ఉత్తరంలో ఇలా రాసింది: "అందరూ పారబోసేదాన్ని ఇతను ఆగి చూస్తాడు. ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాడు." మంచి వాక్యం, పోనీ ఎక్కడో ఒకచోట పనికొస్తుందిలే అనుకుంది.

తర్వాత తనది. పేరు రాసింది, పెన్ను మొరాయించింది. తెలివైనది అని రాసి కొట్టేసింది. "ఆడది తన డబ్బా తానే కొట్టుకుంటే వినేవాళ్ళకి రోత," అని అత్తగారు ఎన్నిసార్లు అనలేదు! పెళ్ళయిన కొత్తలో, తనకి కాలేజీలో మొదటి ర్యాంకు వచ్చిందని పక్కింటావిడతో చెప్పినందుకే ఆ మాట పడింది. గడ్డం గీసుకుంటున్న భర్త తొంగిచూసి, "సార్ పేరుపెట్టి నిన్ను నువ్వే పొగుడుకుంటున్నావా? సిగ్గుగా లేదుటే?" అని పకపకా నవ్వాడు. సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గుతోనే రాసింది. "ఓర్పు గల మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఎదురు మాట్లాడదు. అందరితో సర్దుకుపోతుంది. సెమినార్ల ఏర్పాట్లు బాగా చూస్తుంది." తన గురించి ఎవరైనా మెచ్చుకోగా విన్న మాటలు అవే, ఇంకో రకం మెప్పు ఆమె చెవిన పడనే లేదు పాపం. ఇంతలో పాలు పొంగి గట్టంతా పారాయి. కాగితాలు చంకలో పెట్టుకుని గట్టు తుడిచింది.

సార్ రెండిటి మీదా చదవకుండా సంతకం పెట్టేశారు.

ఉద్యోగం స్పీడుకి వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, "సార్ నా గురించి ఎంత గొప్పగా రాశారో అక్కా! ఇంటర్వ్యూలో చదివి వినిపించారు, నాకే సిగ్గేసింది," అన్నాడు. అతని తప్పేముంది, ఎవరు రాశారో అతనికి తెలీదు. ఆమె ఒక స్వీటు తీసుకుని, కూతురికని కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. ఇంట్లో చెప్తే భర్త, "పోన్లే, రోజూ బస్సులో పడి అంతదూరం ఎక్కడ తిరుగుతావ్," అన్నాడు. నిజంగానే ఓదార్చాననుకున్నాడు.

పదిహేను రోజులకి ఒక సెమినార్‌లో, చేతులు కడుక్కునే చోట, ఆ ఇంటర్వ్యూలో కూచున్న ప్రొఫెసరమ్మ కనిపించింది. అద్దంలోంచే పలకరించింది. "నీ పని నాకు నచ్చిందమ్మా. కానీ ఏం చెయ్యను? నీ సొంత గైడుకే నీ గురించి చెప్పడానికి ఓర్పు తప్ప ఇంకేం దొరకలేదు. ఆ అబ్బాయి గురించేమో, అందరూ పారబోసేదాన్ని ఆగి చూస్తాడని రాశాడు. ఆ ఒక్క మాటతో కమిటీ అంతా అటు వాలిపోయింది."

ఆమె ఏమని చెప్తుంది? ఆ రెండూ నేనే రాశానండీ అంటే సార్ పరువు పోతుంది, నమ్మితే, తన గొప్ప తీసి ఇంకొకడికి రాసిచ్చిన తన బుర్ర ఏపాటిదో బయటపడుతుంది. పంపు కట్టకుండా అలాగే నించుంది. తన గొంతు నొక్కడానికి ఇంట్లోవాళ్ళు కూడా అక్కర్లేదన్నమాట, పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో ఆ పని తనకే బాగా నేర్పేశారు. ఏడుపు వచ్చింది, ఒళ్ళు మండింది, ఏది ముందో తెలీలేదు. బయట టీ కప్పులు ఎదురుచూస్తున్నాయి. ఆ రోజుకి వెళ్ళి ఇచ్చింది కూడా.

నెల తిరక్కుండా ఇంకోచోట ఇంకో ఉద్యోగం పడింది. మొదటిదానంత గొప్పదేం కాదు, జీతం సగం, ఏడాదికే. దరఖాస్తు పట్టుకుని సార్ గదికి వెళ్ళింది.

"రాసి పట్రామ్మా, సంతకం పెట్టేస్తా."

"ఈసారి మీరే రాయండి సార్."

సార్ నవ్వారు. "నాకు తీరికెక్కడిది? నువ్వు నాకంటే బాగా రాస్తావు కదా!"

"అవును సార్, బాగానే రాస్తాను. అయినా మీరే రాయండి."

ఆమె అక్కణ్ణించి కదల్లేదు. సార్ ఆమెకేసి వింతగా చూశారు. వెళ్ళిపోతుందేమోనని కాసేపు ఆగారు. చివరికి, ఈ పిల్లకి ఇవాళ ఏమైందిరా బాబూ అన్నట్టు మొహంపెట్టి, తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. తేదీ వేశారు. ఆమె పేరు రాశారు. పెన్ను ఆగింది. కిటికీకేసి చూశారు, పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశారు.

"అదేనమ్మా... ఆ రంగునీళ్ళే కదూ నీది? అసలు సరిగ్గా... నువ్వు చేసిందేమిటి?"

నాలుగేళ్ళు. ఆయన చిరాకుగా అడిగి ఉంటే భయపడి బయటికి వచ్చేసేదేమో. నిజంగానే తెలీక అడిగారు. సార్ బల్లకి ఇవతల ఒక కుర్చీ ఉంది. ఆమె దానిమీద ఫైళ్ళు పెట్టడం, తియ్యడమే గానీ ఏనాడూ కూచోలేదు. ఇప్పుడు ఆ ఫైళ్ళన్నీ తీసి కిందపెట్టింది. కుర్చీ లాక్కుని కూచుంది.

"రాసుకోండి సార్, చెప్తాను."