‘పోగు’ ఎవరి పేరు మీద

నరహరి పోయిన నలభై రోజులకు, అతని భార్య చేత ఒక సంతకం పెట్టించుకు రమ్మని మా ఆయన ధర్మారావు నన్ను పంపారు. తాను వెళ్తే ఏడుపొస్తుందట. ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో జనాన్ని ఏడిపిస్తున్న మనిషి.

మా ఆయనా నరహరీ కలిసి చీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశారు. పేరు ‘పోగు’. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని ప్రతి ఫైలు మీదా రాశారు. పేరును మాత్రం ట్రేడ్‌మార్కుగా నరహరి ఒక్కడి పేరున నమోదు చేయించారు. దాన్ని వాడేవాళ్ళతో ఒక సంఘం పెట్టాక దాని పేరుకి మారుద్దామనుకున్నారు. సంఘం పెట్టారు, మార్చడం మరిచారు. ఇంట్లో గ్యాస్ బుక్ ఎవరి పేరున ఉందో తెలియని మగవాళ్ళు మరి. ఇంతలో కరోనా రెండో వేవ్ నరహరిని తీసుకుపోయింది. ఇప్పుడు మా ఊళ్ళోనే ఖటోదరా పేటలో ఎవరో అందులో చెత్త కలిపి, అదే పేరుతో అమ్ముతున్నారు. ఆపమని నోటీసు ఇవ్వాలంటే పేరు సొంతదారే ఇవ్వాలి. అందుకే పేరును సంఘానికి రాసిచ్చే కాగితం మీద ఆవిడ సంతకం.

అమ్రోలిలో వాళ్ళింటికి వెళ్తే నరహరి భార్య పద్మారాణి గుమ్మం బయటే కుర్చీ వేసింది. మాస్కు తీయకుండానే కాగితం చదివింది.

“ఇది ఇస్తే ఆడ ఆయన పేరు కొట్టేస్తరా, వదినా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

“కొట్టేస్తారు. ముందు నీ పేరు ఎక్కుతుంది, తర్వాత సంఘం పేరు.”

“రేషన్ కార్డుల కొట్టేసిండ్రు. బ్యాంకుల కొట్టేసిండ్రు, మీ సారే దగ్గరుండి చేయించిండు. ఇదొక్కటన్న ఉండనీయుండ్రి.”

కాగితం మడిచాను. లేవబోతుంటే లోపల నరహరి ఫోన్ మోగింది. ఆమె తెచ్చి స్పీకర్ నొక్కింది. ఎవరో సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే మనిషి.

“ఏంది నరహరీ, నీ పోగు నా డిజైన్లన్నీ ఖరాబ్ జేసింది! పైసలు దీస్కొని గిట్లనా జేసేది, దొంగ నా కొడకా?”

“ఆయన ఎవ్వల తాన పైస తీస్కోలేదన్నా,” అని పెట్టేసింది. పోయాడని మాత్రం చెప్పలేదు.

ఫోన్ పక్కన పెట్టి చెయ్యి చాచింది. “తేండ్రి. పెడ్త.”

నేను పెన్ను ఇవ్వలేదు. కాగితం అడుగున ఉన్న ఖాళీలో ఒక షరతు చేర్చాను. ‘పోగు’ అన్న పేరు ఎక్కడ వాడినా దాని కింద ‘నరహరి చేసినది’ అని ఉండాలి, లేని రోజున పేరు తిరిగి పద్మారాణిదే. మా ఆయన పేరు రాయలేదు. ఆయన బతికే ఉన్నారుగా.

“సారు ఒప్పుకుంటడా?”

“వంట చేసేది నేనేగా.”

నవ్విందో లేదో మాస్కు వెనక తెలియలేదు. ఆ రెండు వాక్యాలూ వేలు పెట్టి మళ్ళీ చదివింది.

“పేరు ముందట స్వర్గీయ అని పెట్టొద్దని గూడ రాయుండ్రి, వదినా.”

రాశాను. అప్పుడు సంతకం పెట్టింది.