పన్నెండో గురుతు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి, వల్యదొలీద్ పట్నం నుంచి వచ్చిన ఇద్దరబ్బాయిలూ ఒకమ్మాయీ బెలార్మీనో బారు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. ముగ్గురూ తడిసి ముద్దయి ఉన్నారు. పొద్దున వాళ్ళని కొండెక్కించిన సెవెరీనో మాత్రం వెంట లేడు.

వారం వారం బారుకి చీజ్ తెచ్చిచ్చే ఎతెల్వీనా అప్పుడే బుట్ట దించుతోంది. సెవెరీనో ఆమె మొగుడు. బారు నడిపే బెలార్మీనో ఆమె మరిది.

"ఏమయ్యా, మా అన్నని ఏం చేశారు? దారిలో అమ్ముకున్నారా?" అన్నాడు బెలార్మీనో, గ్లాసులు తుడుస్తూ.

"ఇంకా రాలేదా?" నోయెలియా అనే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "పైన పొగమంచు కమ్మేసిందండీ. కనుమ దగ్గర ఫోను కుడివైపు చూపించింది. ఆయన కాదు, ఎడమవైపే అన్నాడు. రాళ్ళెటుంటే దారి అటే, మీ ఫోనుకేం తెలుసని కోప్పడ్డాడు. మేం వినలేదు. ఫోను చూసుకుంటూ దిగొచ్చేశాం. వెనక నుంచి చాలాసేపు అరుస్తూనే ఉన్నాడు."

"మీరు ఊట దాకానే కదమ్మా వెళ్తామన్నది?" అంది ఎతెల్వీనా.

"ఊట దగ్గర ఎండ బాగుందని, పళ్ళబండలు చుట్టి వద్దామని మేమే బతిమాలాం."

బుట్టలోంచి ఒక చీజ్ జారి కింద పడితే ఎతెల్వీనా తీయడానికి కూడా ఒంగలేదు.

మా ఊరు త్రెస్వెగా పైనున్న పళ్ళబండల్లో దారి నేల మీద కనపడదు. అంతా సున్నపురాయి, అడుగు జాడ పడదు. వంద అడుగులకొకటి చొప్పున మోకాలెత్తు రాళ్ళు పేర్చి ఉంటాయి. ఒకదాని దగ్గర నిలబడితే ఇంకోటి కనపడుతుంది, అదే దారి. వాటిని పేర్చింది సెవెరీనో తండ్రి. ఆ గురుతుల్ని ఎవరూ ముట్టుకోరు. బండలు విరిగిపడి దారి మూసుకుపోతే తప్ప జరపరు. గురుతు జరిగిందంటే పాత దారి పోయిందని, అటు పోతే చస్తారని అర్థం. మా ఊళ్ళో పలక పట్టిన పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి.

ఎతెల్వీనా వాటిని మే నెలలో జరిపింది.

ఎందుకంటారా? పోయిన వేసవిలో ఎవరో పరాయివాళ్ళ కుక్క ఆమె మేకల మీద పడింది. నాలుగు మేకలు బెదిరి అంచు మీంచి దూకేశాయి. కుక్కగలాయన "ఆడుకుంటోందండీ, పాపం, ఏమీ అనదు" అన్నాడు. కింద నాలుగు మేకలు చచ్చి పడుంటే ఆ మాటన్నాడు! ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఏడాది తిరిగినా ఆ మంట చల్లారలేదు. అందుకని తన మేకల పాక మీదుగా పోయే గురుతులన్నీ కూలదోసి, ఎడమవైపు గుంతల్లోకి కొత్తవి పేర్చింది. ఓ అరగంట తిరిగి, దారి దొరక్క, తిట్టుకుంటూ వెనక్కి పోతారులే అనుకుంది.

తీరా చూస్తే ఈ వేసవంతా ఒక్క పరాయివాడూ దారి తప్పలేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లే, రాళ్ళ వంక చూసేదెవరు? రాళ్ళని నమ్మేది మావాళ్ళే. అంత చిన్న సంగతి ఈ మహాతల్లికి తట్టలేదు. మంచు సంగతి అసలే తట్టలేదు. ఆ కొండ మీదే పుట్టి పెరిగిన మనిషి!

సెవెరీనోకి మార్చిలో మోకాలి ఆపరేషన్ అయింది. వేసవంతా కుర్చీకి అతుక్కుపోయాడు. ఆయన లేచి తిరిగేలోపు పాత గురుతులు మళ్ళీ పేర్చేద్దామనుకుంది. ఈ వారం, వచ్చే వారం అంటూ సెప్టెంబరు దాకా లాగింది. చెబుదామా అంటే, తండ్రి రాళ్ళు ముట్టుకున్నావా అని ఇల్లు పీకి పందిరేస్తాడు. పొద్దున "ఊట దాకా తీసుకెళ్ళి తెస్తా" అంటే, అక్కడ గురుతుల పని లేదు గనక ఊరుకుంది.

బెలార్మీనో అప్పటికే రక్షణ దళానికి ఫోను చేసి అరుస్తున్నాడు. మంచులో హెలికాప్టర్ లేవదన్నారు. మనుషులు కాలినడకన రావాలి, రెండున్నర గంటలైనా పడుతుంది, ఎటువైపు వెతకమంటారని అడిగారు.

"కనుమ దాటాక కుడివైపు" అన్నాడు బెలార్మీనో. "మేకల పాక మీదుగా పోయే దారి. ఎడమవైపు దారే లేదు, మంచులో ఈ పిల్లలే తికమకపడుంటారు. మా అన్నకి ఇంకో దారి తెలీదు."

ఎతెల్వీనా వింటూ నిలబడింది. అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. బారులో తొమ్మిదిమంది ఉన్నారు, అందరూ ఆమెనే జాలిగా చూస్తున్నారు. ఆ జాలి ముందు నోరు పెగల్లేదు. ముందు మనిషి దొరకనీ, తర్వాత చూసుకుందాం అని మనసుకి చెప్పుకుంది.

"నేనూ వస్తా" అంది.

"నువ్వెందుకొదినా, ఇంట్లో ఉండు."

"వస్తానంటుంటే!"

గంటలో కనుమ చేరారు. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడనంత మంచు. బెలార్మీనో భుజాన తాడేసుకుని, "సెవెరీనో!" అని కేకేశాడు. ఆ కేక బండలకి తగిలి నాలుగువైపుల నుంచీ తిరిగొచ్చింది. ఏది జవాబో ఏది తమ గొంతో తెలియలేదు. అతను కుడివైపు తిరిగి నడిచాడు. ఆమె వెనకే నడిచింది.

ఇరవై నిమిషాలు నడిచింది. ప్రతి అడుగూ మొగుడికి దూరంగా వేస్తున్నానని తెలిసే నడిచింది. ఎంత పాపిష్టి నడక!

"ఇదేంటి, ఒక్క గురుతూ లేదు?" బెలార్మీనో ఆగాడు. "మంచు వల్ల కనపడట్లేదా? ఇక్కడ ఒకటుండాలే."

ఎతెల్వీనా అక్కడే కూలబడిపోయింది.

"నేనే తీసేశా."

"ఏంటి?"

"గురుతులు. నేనే తీసేశా, బెలార్మీనో. ఎడమవైపు గుంతల్లోకి పెట్టాను. మేలో. ఆయన అటే పోయాడు. తప్పకుండా అటే పోయుంటాడు."

బెలార్మీనోకి మొదట ఎక్కలేదు. ఎక్కాక తాడు కింద పడేశాడు. "బుద్ధుందా నీకు? మా నాన్న గురుతులు! చచ్చేదాకా ఏటా వచ్చి సర్దిన రాళ్ళు! బారులో అంత సేపు రాయిలా నిలబడ్డావే, నేను ఫోన్లో కుడివైపు అని మొత్తుకుంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"సిగ్గేసింది."

"సిగ్గేసిందట! వాడు చస్తే ఆ సిగ్గు కప్పుకుని పడుకో." జేబులోంచి ఫోను తీశాడు. కొండ మీద సిగ్నలెక్కడ? మళ్ళీ జేబులో కుక్కి, తాడు తీసి భుజానేసుకున్నాడు. ఆమె ఏడుపు చూసి ఇంకా మండిపడ్డాడు. "ఏడవకు. కళ్ళల్లో నీళ్ళుంటే గొయ్యి కనపడదు, నిన్ను కూడా నేను మొయ్యాలి. ఎన్ని పెట్టావ్?"

"పదకొండు."

"లే. ముందు నువ్వే నడువు. ఎక్కడెక్కడ పెట్టావో నీకేగా తెలుసు."

ఆ తర్వాత అతను వదినా అని పిలవలేదు.

కనుమ దాకా వెనక్కొచ్చి ఎడమవైపు పట్టారు. అటు రాయి కత్తుల్లా లేచి ఉంటుంది, వాన కోసి కోసి పదును పెట్టిన రాయి. చెయ్యి ఆనిస్తే అరచెయ్యి చీరుకుపోతుంది. మధ్యమధ్య గడ్డి కప్పిన గోతులు, కొన్నిటికి అడుగెక్కడో ఎవరికీ తెలీదు. తను పెట్టిన గురుతులే తనకి కనపడక ఎతెల్వీనా చేతులతో తడుముకుంటూ పోయింది. మొదటిది. రెండోది. ఐదో దాని దగ్గర ఒక బూటు జారిన గీత కనపడింది. ఆయనదే. పైకి అనకపోయినా ఇద్దరూ చూశారు. దేవుడా, ఇక్కణ్ణుంచి వెనక్కి తిరిగుండాలి, ఈ మొండివాడికి ఇక్కడైనా అనుమానం వచ్చుండాలి అని గొణుక్కుంటూ ఆరోది వెతికింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఎనిమిదో దాని దగ్గర కూడా గీత ఉంది.

పదకొండో గురుతు దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడితో అయిపోయాయి.

"సెవెరీనో!" అని అరిచింది, గొంతు చీలిపోయేలా.

"ఆ..." అని వినపడింది, ఎక్కడో కాళ్ళ కింద నుంచి.

పాక్కుంటూ పోయారు. ఇరవై అడుగులు దాటగానే గడ్డి తెగిపోయి నుయ్యిలాంటి గొయ్యి. బెలార్మీనో టార్చి వేశాడు. చాలా లోతున రాళ్ళ మీద, కాలు పక్కకి తిరిగిపోయి, సెవెరీనో పడున్నాడు. బెలార్మీనో తెచ్చిన తాడు సగం దాకా కూడా అందలేదు.

"ఎవరూ?" అన్నాడు సెవెరీనో.

"నేనే."

"నువ్వెందుకొచ్చావే, ఈ మంచులో? ఆ పిల్లలు దిగారా?"

"దిగారు. బారులో ఉన్నారు."

"అమ్మయ్య!" ఆ గొంతులో చలి వణుకు తెలుస్తోంది. "కుడివైపు కూలిపోయింది కదా, ముగ్గురూ అటే పోయారు, ఏమైపోతారోనని హడలి చచ్చాను. ఊళ్ళోకి దిగి ఎవరికైనా చెబుదామని పరిగెత్తా. ఈ వెధవ మోకాలితో."

బెలార్మీనో తన కోటు కిందికి విసిరాడు. తర్వాత ఎతెల్వీనా వైపు తిరిగాడు. "రక్షణ దళం వాళ్ళు ఈ పాటికి కుడివైపు ఎక్కుతుంటారు. పోయి పట్టుకుని ఇటు తిప్పాలి. గంటో గంటన్నరో పడుతుంది. వాణ్ణి నిద్రపోనివ్వకు. చలికి కళ్ళు మూశాడంటే మళ్ళీ తెరవడు. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండు." అంటూనే మంచులోకి పోయాడు.

ఎతెల్వీనా గొయ్యి అంచున బోర్లా పడుకుని తల లోపలికి వంచింది.

"మాట్లాడు, సెవెరీనో."

"ఏం మాట్లాడను? కాలు తీసేస్తారేమో" అన్నాడు. "ఆ గురుతులు నువ్వు పెట్టినవే కదూ?"

"నీకెలా తెలుసు?" అందామె.

"నాకు చెప్పాలా? అడుగున వెడల్పు రాయి, దాని మీద అడ్డంగా రెండు, ఆ సందులో చిన్న పలక. నువ్వు కట్టెలు పేర్చినా అంతే కదా, ఎన్నేళ్ళుగా చూస్తున్నా. మొదటిది చూడగానే అనుకున్నా, దారి కూలినట్టుంది, నేను కుర్చీలో కూలబడుంటే ఇదొక్కతే వచ్చి రాళ్ళు మోసిందే, నాతో చెప్పను కూడా చెప్పలేదే అని. ఎంత గర్వమేసిందో తెలుసా? వేరే ఎవరి చెయ్యి అయినా నేను అనుమానపడేవాణ్ణే. నీ చెయ్యి కదా అని కళ్ళు మూసుకుని నడిచా."

ఆమె గడ్డి పట్టుకుని పళ్ళు బిగించింది. చెప్పకుండా ఉండొచ్చు. ఆయనకి గర్వంగా ఉంది, ఉండనీ. ఆ గర్వం గంటసేపు ఆయన్ని వెచ్చగా ఉంచుతుందేమో.

"పదకొండు లెక్కపెట్టా" అన్నాడాయన. మాట ముద్దముద్దగా వస్తోంది. "పన్నెండోది ఎక్కడ పెట్టావే? దాని కోసం ఎంత తిరిగానో. ఇక్కడే ఎక్కడో ఉంటుంది, ఎతెల్వీనా సగంలో వదిలే మనిషి కాదు అనుకుంటూ తిరిగా. ఎక్కడుంది?"

"లేదు" అందామె.

"ఆ?"

"పన్నెండోది పెట్టలేదు. దారేం కూలలేదు, సెవెరీనో. పరాయివాళ్ళని తిప్పలు పెడదామని నేనే మీ నాన్న గురుతులు కూలదోశా. ఇటు దారే లేదు. పదకొండు పెట్టేసరికి మేకల పాలు పితికే వేళైంది. చాల్లే, ఈపాటికి వాళ్ళే విసుగొచ్చి పోతారని ఇంటికొచ్చేశా."

కింద నుంచి ఏమీ వినపడలేదు.

"సెవెరీనో!"

ఆమె ఇంకా కిందికి వంగింది.

"సెవెరీనో! నీ కాళ్ళు పట్టుకుంటా, పలుకు!"

"ఉన్నాన్లే" అన్నాడు. తర్వాత, "కాసేపు నాతో మాట్లాడకు" అన్నాడు.

మాట్లాడకుండా ఉండటానికి వీల్లేదు. అందుకని ఆమె మాట్లాడుతూనే ఉంది. మేకల గురించి, చీజ్ గురించి, బారులో ఎవరేమన్నారో దాని గురించి నోటికొచ్చిందల్లా చెప్పింది. మధ్యమధ్య ఆగి చెవి కిందికి పెట్టి, మూలుగు వినపడుతోందో లేదో చూసుకుంది. మూలుగు వినపడింది. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.