తీసేసిన పేర్లు

"చొక్కా ఇస్త్రీ అయిందా? టీవీ వాళ్ల కారు పదింటికల్లా వచ్చేస్తుంది" అని బాత్రూంలోంచి కేకేశాడు మా ఆయన.

అవుతోందన్నాను. ఇవాళ ఆయన టీవీలో ఏం మాట్లాడతాడో నాకు ముందే తెలుసు, ఆ మాటలు నావే కాబట్టి. ప్రభుత్వం వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే జనం విప్పి చూసుకునేలా ఉండాలని మూడేళ్ల కిందట గిన్నెలు తోముతూ అన్నాను. ఆ మాట ఆయన నోట్లో పడి సభలెక్కింది, చప్పట్లు కొట్టించుకుంది, ఆయన్ని రాజకీయ విశ్లేషకుణ్ణి చేసింది. ఒక్క లైను కోడ్ రాయడం రాదాయనకి. నేను ఆఫీసు పనీ ఇంటి పనీ అయ్యాక మిగిలిన కాస్త తీరికలో ఎనిమిదేళ్లుగా ప్రోగ్రాములు రాసి ఓపెన్ సోర్సుగా జనంలో పెడుతున్నాను. ఎవరైనా తీసుకోవచ్చు, లోపలేముందో చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. మా ఇంట్లో దాన్ని "కోడలి కాలక్షేపం" అంటారు. వార్తలొస్తున్నప్పుడు నేను నోరు విప్పితే మామయ్య "కాస్త మంచినీళ్లు పట్రామ్మా" అంటారు. ఒకసారి చుట్టాల ముందు "మా కోడలికి కంప్యూటర్ తెలుసు గానీ దేశం తెలీదు" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే.

ఆయన కారెక్కాక లాప్‌టాప్ తెరిచాను. ప్రభుత్వం ఈసారి ఓటర్ల జాబితాని కొత్త సాఫ్ట్‌వేర్‌తో 'శుభ్రం' చేసింది. ఏదో కంపెనీ రాసిచ్చిందట, ఎలా పనిచేస్తుందో చెప్పరట, రహస్యమట. నేను పాత జాబితానీ కొత్త జాబితానీ పక్కపక్కన పెట్టి పోల్చే చిన్న ప్రోగ్రాం రాశాను. మా వార్డులో నాలుగు వందల పదకొండు పేర్లు పోయాయి. ఒక్కొక్కటే చదువుతూ పోయాను. మూడు వందల ఎనభై తొమ్మిది మంది ఆడవాళ్లు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లే ఇంచుమించు అందరూ. ఒక కాగితం మీద పుట్టింటి పేరు, ఇంకో కాగితం మీద అత్తింటి పేరు. రెండూ కలవలేదని యంత్రం మనిషినే కొట్టేసింది. నా పేరు లేదు. అత్తయ్య పేరూ లేదు.

ఎప్పట్లాగే ప్రోగ్రాంని నెట్‌లో అందరికీ అందేలా పెట్టాను. దాంతో పాటు, నా పేరుతోనే, నా అభిప్రాయం కూడా పెట్టాను: "ఓటు తీసే యంత్రానికి తాళం వేసి దాచే ప్రభుత్వాన్ని నేను నమ్మను. కోడ్ బయటపెట్టండి." సాయంత్రానికల్లా ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని తీసుకుని వాళ్ల వార్డులు చూసుకోవడం మొదలుపెట్టారు.

రాత్రి ఇంటికొచ్చిన మా ఆయన బూట్లు కూడా విప్పలేదు. "అధికార పార్టీ ఆఫీసు నుంచి ఫోన్. అది తీసెయ్."

"పొద్దున మీరు టీవీలో చెప్పింది ఇదే కదా?"

"చెప్పడం వేరు, పేర్లు లెక్కపెట్టి చూపించడం వేరు. నన్ను ప్రభుత్వ సలహా సంఘంలోకి తీసుకోబోతున్నారని తెలుసు కదా నీకు. అయినా అభిప్రాయం ఉంటే నాతో చెప్పు. ఎక్కడ, ఎలా చెప్పాలో నేను చూసుకుంటా."

తియ్యనన్నాను.

మర్నాడు నేను స్నానానికి వెళ్లినప్పుడు, తెరిచున్న నా లాప్‌టాప్‌లోంచి ఆయనే తీసేశాడు. అంతటితో ఆగలేదు. దాని చోట నా పేరుతో క్షమాపణ రాశాడు. "ఇంటి పనుల ఒత్తిడిలో తొందరపడి రాశాను. మన్నించండి." తడి జుట్టుతో నిలబడి చదివాను. ఇన్నేళ్లలో ఆ ఇంటి పనుల ఊసు ఆయన నోట రావడం అదే మొదలు. అదీ నన్ను తెలివితక్కువదాన్ని చెయ్యడానికి!

"నా పేరుతో నువ్వెలా రాశావ్?"

పదహారేళ్ల కాపురంలో ఆయన్ని నువ్వనడం అదే మొదటిసారి. మామయ్య చేతిలో పేపరు కిందికి దిగింది. "ఏంటా మాట?" అన్నారు. కొడుకు నా పేరు దొంగిలించినందుకు కాదు, నేను 'మీరు' మర్చిపోయినందుకు!

నా మాటలు మళ్లీ యథాతథంగా పెట్టాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: "ఇందాకటి క్షమాపణ నాది కాదు, నా భర్త రాశాడు." పాస్‌వర్డ్ మార్చేశాను. ప్రోగ్రాం సంగతంటారా, అప్పటికే వందల మంది దగ్గరుంది. ఓపెన్ అనే మాటకి అర్థం తెలిసుంటే, దాన్ని చెరిపెయ్యొచ్చని ఆయన అంత ఆశపడేవాడు కాదు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. "నా పేరు కూడా పోయిందటగా?"

"పోయిందత్తయ్యా."

"ఎవరు తీశారు?"

"యంత్రం."

"యంత్రానికి ఎవరు చెప్పారు?"

నేను పేజీలకి పేజీలు రాసి అడుగుతున్నది ఆవిడ మూడు మాటల్లో అడిగేసింది. "అదే అడిగానత్తయ్యా. అడిగినందుకే ఈ గొడవంతా."

ఆవిడ హాల్లోకి ఓ చూపు చూసి గొంతు తగ్గించింది. "నలభై ఏళ్లుగా మీ మామయ్య ఏ గుర్తుకి వెయ్యమంటే సరేనంటాను. లోపలికెళ్లాక ఏ ఒక్కసారీ దానికి వెయ్యలేదు. నాకంటూ ఉన్నది ఆ ఒక్క గదేనే అమ్మాయ్. దాన్నీ లాక్కుంటారా?"

సోమవారం నేను సెలవు పెట్టాను. అత్తయ్య చెప్పులు వేసుకుంటుంటే మామయ్య "మరి వంటో?" అన్నారు. "వంటిల్లు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది" అందావిడ.

వార్డు ఆఫీసులో మెట్ల కిందిదాకా ఆడవాళ్లే. చేతుల్లో నా ప్రోగ్రాం తీసిచ్చిన జాబితాలు. మా వంతు వచ్చింది. గుమాస్తా నా అభ్యంతరపత్రం అటూ ఇటూ తిప్పి, మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

"మీవారు రాలేదామ్మా?"

"ఆయన పేరు భద్రంగా ఉందండి," అన్నాను. "పోయినవాళ్లం వచ్చాం."