డీకన్ గారి పంది ముక్కుకి కమ్మీ

మార్చి నెల ఊరి సభలో జోథమ్ స్పాఫర్డ్ గారిని పందుల అధికారిగా ఎన్నుకున్నారన్న కబురు ఆయనకంటే ముందే ఆయన ఇల్లు చేరింది. పక్కింటి కెజయా పరుగున వచ్చి, గుమ్మంలోనే పొట్ట పట్టుకుని నవ్వుతూ ఆయన భార్యకి చెప్పింది.

"ఏం చేస్తాం మెహిటబెల్ అక్కా, కొత్త పెళ్లికొడుకాయె! మా ఆయనకీ పెళ్లైన ఏడు ఇదే అంటగట్టారు. నలభై ఎనిమిదో ఏట చేసుకుంటే మాత్రం వదిలిపెడతారా?"

ఈస్ట్ బ్రామ్లీలో ఆ సరదా తాతల నాటిది. ఆ ఏడు పెళ్లాడినవాణ్ణి పందుల మీద అధికారిగా వేస్తారు. ముక్కుకి ఇనుప కమ్మీ లేకుండా పంది వీధిలో కనబడితే దాన్ని పట్టుకుని కమ్మీ కుట్టాలి. కమ్మీ ఉంటే గుచ్చుకుని, పంది మూతితో నేల తవ్వలేదు. కుర్రాళ్లు నవ్వుతూ ఒప్పుకుని, నాలుగు పందుల్ని తరిమి, బురదలో రెండుసార్లు పడి, ఏడాది గడిపేస్తారు.

జోథమ్ గారు కుర్రాడు కాదు, నవ్వే రకమూ కాదు. ఇంగ్లీషు రాజు మీద యుద్ధం జరిగినన్నాళ్లూ తుపాకీ ముట్టుకోకపోయినా, ఆ యుద్ధం ఎందుకు న్యాయమో రెండు వందల పేజీలు రాసిన లాయరు. మే నెలలో ఊరి ప్రతినిధిగా బోస్టన్ శాసనసభకి వెళ్లాలని ఆయన ఆశ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, హోదా కోసం జుట్టుకి పూసుకున్న తెల్లపొడి దులపకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"రోములో అయితే నన్ను సెనేటుకి పంపేవారు" అన్నాడు.

"రోములో పందులు లేవేమిటండీ?" అని అడిగింది మెహిటబెల్, మొక్కజొన్న జావ గిన్నెలో పోస్తూ.

నిజానికి ఆయన బోస్టన్ వెళ్లాలన్న ఆశ ఆయనకంటే ఆమెకే ఎక్కువ. ఆమె మొదటి భర్త పీపాలు చేసేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. అందులో మూడు పిల్లికి. ఆయన పోయిన ఆరేళ్లకి జోథమ్ గారిని చేసుకుంది. మాటకారి, ఇంట్లో సందడిగా ఉంటుంది అనుకుంది. ఇప్పుడు ఉప్పు అందించమనడానికి కూడా ఆయనకి ఒక ఉపోద్ఘాతం, మూడు కారణాలు, ఒక ముగింపు కావాలి. కోర్టులో గెలిచిన వాదనలు భోజనం దగ్గర మళ్లీ గెలుస్తాడు. శాసనసభ వేసవి మొదట్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి కూర్చుంటుందట. రెండూ కలిపి నాలుగు నెలలని ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. నాలుగు నెలలు తన ఇంట్లో గడియారం చప్పుడు తాను వినొచ్చు.

అడ్డల్లా చర్చి పెద్ద, డీకన్ ఓబెడ్ విల్డర్ గారి పందే. పిండిమర డీకన్ గారిది, చర్చిలో ముందు బల్ల డీకన్ గారిది. ఆయన కనుబొమ ఎటు ఎగరేస్తే ముప్పై ఓటు చీటీలు అటు పడతాయి. ఆయన మచ్చల పంది కమ్మీ లేకుండా ఊరంతా ఏలుతోంది. ఏప్రిల్‌లో శ్మశానం గోడ పక్క తవ్వేసింది, బడి పంతులమ్మ ఉల్లిమడి తినేసింది. జనం వచ్చి జోథమ్ గారి తలుపు తట్టారు.

ఆయన గదిలో కూర్చుని పధ్నాలుగు పేజీల అభిప్రాయం రాశాడు. విచ్చలవిడిగా తిరిగే పందికే చట్టం వర్తిస్తుంది, డీకన్ గారి పంది సాయంత్రానికి ఇంటికి చేరుతుంది కాబట్టి అది తిరగడం కాదు, పని మీద వెళ్లి రావడం అని తేల్చాడు. దాన్ని చర్చి తలుపుకి అంటించారు. ఆదివారం జనం ప్రార్థనకంటే దాన్నే శ్రద్ధగా చదివారు.

"ఊరు ఊరంతా నవ్వుతోందక్కా" అంది కెజయా. "పందికి భయపడేవాడు బోస్టన్‌లో ఏం పొడుస్తాడని మా ఆయన ఈసారి పోటీకి నిలబడ్డ సత్రం కెప్టెన్‌కే చీటీ వేస్తానంటున్నాడు."

మెహిటబెల్ మళ్లీ వేళ్లు లెక్కపెట్టుకుంది. నాలుగు నెలల నిశ్శబ్దం కళ్ల ముందే కరిగిపోతోంది.

మే మొదటి వారంలో ఒక పొద్దున పంది కంచె తోసుకుని ఆమె బఠాణీ మడిలోకే వచ్చింది. జానెడు ఎత్తు లేచిన మొక్కలు వేళ్లతో సహా పైకి లేస్తున్నాయి.

"ఏమండీ! పంది!"

జోథమ్ గారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "కంగారు పడకు. అది ఉద్దేశపూర్వకంగా వచ్చిందా, పొరపాటున వచ్చిందా అన్నది ముందు తేలాలి."

"తేలేలోపు తినేస్తుందండీ!"

"అదీ ఒక సాక్ష్యమే" అని ఆయన కిటికీ మూసుకున్నాడు.

పదవితో పాటు ఊరు ఇచ్చిన పటకారు, కమ్మీలు మార్చి నుంచి మేకుకి వేలాడుతున్నాయి. మెహిటబెల్ వాటిని తీసింది. పుల్లటి మజ్జిగ బకెట్ పంది ముందు పెట్టి, అది మూతి ముంచగానే పైదవడకి తాడు ఉచ్చు వేసి గేటు గుంజకి బిగించింది. కేక విని వచ్చిన కెజయా గౌను ఎగదోపి, దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంది.

"కానీ అక్కా! డీకన్ గారిని తలుచుకుని నొక్కు!"

పంది అరుపు పిండిమర దాకా వినబడింది. కాసేపటికి డీకన్ గారు రొప్పుకుంటూ వచ్చారు.

"ఎవరిదీ పని?"

"మా వారిదండి" అంది మెహిటబెల్ చేతులు తుడుచుకుంటూ.

"పటకారు నీ చేతిలో ఉందమ్మా!"

"చెయ్యి నాదేనండి. కానీ పెళ్లయ్యాక ఆలుమగలు చట్టం ముందు ఒకే మనిషి, ఆ మనిషి మొగుడే అని మా వారు మొన్న మీ బావమరిది ప్రాట్ గారి మీద కేసులోనే గెలిచారు కదా. ప్రాట్ గారి భార్య అమ్మిన ఆవుని ప్రాట్ గారే అమ్మినట్టు, ఇక తిరిగి అడగడానికి లేదని. ఆ కేసు నేను పదకొండు భోజనాల్లో విన్నాను."

డీకన్ గారు జోథమ్ గారి కిటికీ వైపు చూశారు. కిటికీ తెరుచుకోలేదు.

తర్వాతి సోమవారం ప్రతినిధి ఎన్నిక. ఓటు లేని ఆడవాళ్లు అల్లం రొట్టెలు పట్టుకుని సభ తలుపు దగ్గర నిలబడ్డారు. చీటీలు వేయబోయే ముందు డీకన్ గారు లేచారు.

"నా పందికి గాయం చేసిన మనిషికి ఓటెలా వేయమంటారు?"

జోథమ్ గారు పాలిపోయి లేచాడు. ముప్పై చీటీలు చేజారిపోతున్నాయి. "అయ్యా, అపార్థం! ఆ సమయంలో నేను గదిలో కూర్చుని..."

మెహిటబెల్ రొట్టెల పళ్లెం గట్టిగా పట్టుకుంది. ఇంకొక్క వాక్యం పూర్తిచేస్తే ఆయన ఏడాది పొడుగునా ఇంట్లోనే.

"లాయరుగారూ" అన్నాడు అధ్యక్ష స్థానంలో ఉన్న ముసలి కమ్మరి, "మీరు చేయకపోతే మీ ఆవిడ చేసిందన్నమాట. ఆవిడ చేస్తే మీరు చేసినట్టేనని ఆ ఆవు కేసులో రెండు రోజులు మా బుర్రలు తిన్నారు. అది తప్పంటే చెప్పండి, ప్రాట్ గారి ఆవు మళ్లీ ఇంటికొస్తుంది."

 జోథమ్ గారు డీకన్ గారి వైపు చూశాడు, ప్రాట్ గారి వైపు చూశాడు. గెలిచిన కేసు వదులుకోవడం ఆయన వల్ల కాలేదు. ఛాతీ విరుచుకున్నాడు.

"గదిలో కూర్చుని... ఆ పందికి కమ్మీ వేశాను! చట్టం ముందు డీకన్ గారి పందీ ఒకటే, పేదవాడి పందీ ఒకటే!"

బల్లలు దద్దరిల్లాయి. తోటలు పోగొట్టుకున్నవాళ్లందరూ ఒక్కసారి లేచారు. కెజయా మొగుడు చీటీ మడిచి, పక్కవాడి చెవిలో గట్టిగానే అన్నాడు: "ఈయన్ని బోస్టన్ పంపేద్దాంరా. పందుల పని ఆవిడ చూసుకుంటుంది. రెండు చోట్లా మనకే సుఖం."

డీకన్ గారి ముప్పై చీటీలు పోగా, జోథమ్ గారికి అరవై ఒకటి వచ్చాయి.

బోస్టన్ బండి ఎక్కే రోజున జోథమ్ గారు గుమ్మంలో అరగంట వీడ్కోలు చెప్పాడు. మెహిటబెల్ సంచీ అందించింది, టోపీ అందించింది, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. బండివాడు రెండోసారి బూర ఊదాడు. మెట్టు మీద కాలు పెట్టాక ఆయనకి హఠాత్తుగా గుర్తొచ్చింది.

"అన్నట్టు, నా పదవీకాలం మార్చి దాకా ఉందే! నేను లేనప్పుడు పందుల సంగతి ఎవరు చూస్తారు?"

"మీరేనండి" అంది మెహిటబెల్. "చట్టప్రకారం."

బండి మలుపు తిరిగాక ఆమె లోపలికి వచ్చి, గడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని, బఠాణీలు ఒలుచుకోవడానికి అవి కాసేదాకా ఆగాలి కాబట్టి, ఊరికే కూర్చుంది.