జబ్బు లేనివాళ్ళ గురువారం

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి, ఒక్కరే మడిస్తే ఏదో ఒక కొస నేల మీద పాకుతూనే ఉంటుంది, అని ఆమె అనుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది, వీధి చివరి డాక్టరమ్మ క్లినిక్ నుంచి నర్సు, ఏమీ లేదమ్మా, నీ బీపీ శుభ్రంగా ఉంది, రోజంతా మెషిన్ కట్టి చూశాం కదా, రక్తపరీక్ష కూడా బాగుంది, హాయిగా ఉండు, అంటోంది, దుప్పటి కొసలన్నీ ఒక్కసారే చేతిలోంచి జారాయి, జారనీ, ఏమీ లేదట, అమ్మకొచ్చింది తనకి రాలేదట, ఎగిరి గంతెయ్యాలనిపించి ఎగిరింది కూడా, కానీ అలవాటు కొద్దీ కాళ్ళు చప్పుడు లేకుండా మునివేళ్ళ మీదే దిగాయి, మొగుడు పడుకున్నాడేమోనని, పడుకోలేదు, ఇందాకే డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఈ గదిలో ఎంత గట్టిగా నవ్వినా నిద్ర చెడేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు.

మరి మెషిన్ కట్టుకున్నప్పుడు పొద్దున ఒక్కసారి గుండె పరుగెత్తినట్టు వచ్చిందే, అంటోంది నర్సు, మెట్లెక్కావా, అవునండీ మెట్లెక్కాను, అని అబద్ధం ఆడేసి చెంపలు వేడెక్కి ఒక్కతే నవ్వుకుంది, ఏ మెట్లూ లేవు, తలుపులో అతని తాళంచెవి తిరిగిన చప్పుడు అది, రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ మొగుడు తెల్లారాక ఇల్లు చేరే చప్పుడు, కోటు లోపల దాచి తెచ్చిన విరిగిన రొట్టె, విరిగినవి అమ్మకానికి పనికిరావట, ఆమెకి మాత్రం అంతకంటే మంచి రొట్టె లేదు, ఇంకా వెచ్చగా ఉంటుంది, కరకరలాడే కొసముక్క ఎప్పుడూ ఆమెదే, ఆ కాసేపటి కోసం రోజంతా ఎదురుచూడవచ్చు, చూస్తోంది కూడా, ఎందుకంటే రెండో ముక్క నములుతూనే అతని కళ్ళు మూతలు పడతాయి, ఏంటి పిచ్చుకా, ఇవాళ కూత లేదు, ఏమైంది, అంటాడు సగం నిద్రలో, ఏమీ లేదులే గుడ్లగూబా, పడుకో, అంటుంది ఆమె, కాలేజీ బస్సులో ఈమె నోరు ఒక్క నిమిషం ఆగేది కాదని అతనే పెట్టిన పేరు పిచ్చుక, ఆ పిచ్చుక ఇప్పుడు గిన్నెల కింద గుడ్డ పరుచుకుంటోంది, కుళాయిని సన్నగా తిప్పుకుంటోంది, తుమ్మొస్తే బాత్రూంలోకి పరుగెత్తి తుమ్ముతోంది, ఊరు కొత్త, పక్కింటివాళ్ళు తలుపు శబ్దం తప్ప ఇంకేమీ కారు, సాయంత్రం అతను లేచి స్నానం చేసి వెళ్ళిపోతే మాట్లాడదామన్నా గొంతు బొంగురుగా వస్తుంది, వాడని తలుపులా.

అందుకే పోయిన గురువారం అలా జరిగింది, క్లినిక్ ముందు బోర్డు, ప్రతి గురువారం జబ్బు లేనివాళ్ళకి పరీక్షలు, అని చదివి ఫక్కున నవ్వి, జబ్బు లేనివాళ్ళకి డాక్టరెందుకు అనుకుంటూ నాలుగడుగులు ముందుకేసి ఆగిపోయింది, అమ్మకి కూడా జబ్బు లేదు కదా, తలకి గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకుంటుంటే ఏంటమ్మా అని అడిగితే, ఏమీ లేదే, ఎండ తగిలినట్టుంది, నువ్వెళ్ళి చదువుకో, అనేది, అలా అంటూ అంటూనే ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ తీగ కింద కూలిపోయింది, మాట పడిపోయి, మళ్ళీ లేవలేదు, ఎన్నాళ్ళనుంచో బీపీ ఉండి ఉంటుంది, ఒక్కసారి కూడా చూపించుకోలేదా, అని ఆసుపత్రి డాక్టరు అప్పుడు అడిగాడు, ఆమె వెనక్కి తిరిగి క్లినిక్ లోపలికి వెళ్ళింది, ఆమె చేతికి బీపీ పట్టీ కట్టిన నర్సు మొహం గుండ్రంగా, వింటున్నట్టు ఉంది, అంతే, గట్టు తెగింది, అమ్మ సంగతి, రొట్టె సంగతి, కిటికీ అద్దం మీద ఎండ పడితే గోడ మీద చేపలా కనిపించే సంగతి, మాట్లాడకమ్మా, పట్టీ బిగిసేటప్పుడు మాట్లాడితే అంకె పెరుగుతుంది, అంది నర్సు, సరేనండీ ఆపేశాను, మా ఆయన కూడా ఇదే అనేవాడు, అదిగో మళ్ళీ, రెండోసారీ ఎక్కువే, మూడోసారీ ఎక్కువే, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఈ కబుర్లకి నవ్వుతూ బల్లంతా వెతుక్కుంటున్న డాక్టరమ్మ అంకె చూసి, అమ్మకి ఉండేదా, అని అడిగి నవ్వు ఆపింది, కబుర్ల వల్లో నిజంగానో తేల్చుకుందాం, ఒక రోజంతా మెషిన్ కట్టుకుని ఇంట్లో మామూలుగా ఉండు, అంది.

మామూలుగానే ఉంది, పొడుగు చేతుల చొక్కా కింద మెషిన్ దాచి, అతని పక్కన పడుకుని పైకప్పు చూస్తూ, ఉండుండి పట్టీ బుసకొట్టి చెయ్యి బిగిస్తుంటే, ఫోన్ తియ్యవే, అని అతను నిద్రలోనే గొణిగి అటు తిరిగాడు, ఒక్కసారి లేపి చెప్పి ఉంటే, భయంగా ఉంది, అమ్మలా పడిపోతానేమోనని, కానీ పాపం రాత్రంతా పొయ్యిల దగ్గర నిలబడి వచ్చినవాణ్ణి ఎలా లేపడం, అమ్మ కూడా అలాగే అనుకుని ఉంటుందా, పాపం చదువుకుంటున్న పిల్లని ఎందుకు కదిపేది అని, నర్సు ఫోన్ ఎప్పుడో పెట్టేసింది, కిటికీ బయట వీధిదీపం వెలిగింది, ఇంత మంచి కబురు చేతిలో పెట్టుకుని చెప్పడానికి మనిషి లేకపోవడం ఏంటి, భయం అతనితో చెప్పలేదు కాబట్టి సంతోషం చెప్పాలన్నా మొదటినుంచీ చెప్పుకురావాలి, అతని నంబరు నొక్కింది, మోగి మోగి ఆగింది, పనిలో ఫోన్ లాకరులో పెట్టేస్తారు, టీకి వదిలినప్పుడే తీస్తాడు.

దుప్పటి అలాగే కింద ఉంది, దాని మీదే చతికిలబడి కూర్చుంది, అంతలో ఫోన్ మోగింది, వెనకాల యంత్రాల హోరు, ఏంటి పిచ్చుకా, ఎప్పుడూ చెయ్యవు, ఏమైంది, అన్నాడు కంగారుగా, ఏమీ, అని నాలుక చివరిదాకా వచ్చేసింది, అచ్చం అమ్మ గొంతే, అదే సాగదీత, అదే తేలిక, అప్పుడు తెలిసింది, అమ్మ దగ్గర్నుంచి తనకి వచ్చింది ఇదే, ఏమీ లేదు అనే ఈ రెండు మాటలే, రోజంతా కట్టుకున్నా ఆ మెషిన్‌కి దొరకలేదు, ఉంది, అంది ఆమె, చాలా ఉంది, భయపడకు, మంచిదే, రేపు గురువారం, పొద్దున రాగానే పడుకోవద్దు, రొట్టె తెచ్చినా ముట్టుకోవద్దు, పరగడుపునే ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం, నాకేం జబ్బే, అన్నాడు గుడ్లగూబ, అందుకే వెళ్ళేది, దారి పొడుగునా నేను మాట్లాడతాను, మా అమ్మ దగ్గర మొదలుపెట్టి అన్నీ, నువ్వు నిద్రపోకుండా వినాలి, తిరిగొచ్చాక రొట్టె తిందాం, ఆ తర్వాత ఒక దుప్పటి మడవాలి, అటు కొస నువ్వు పట్టుకోవాలి.