బండి భూషణం కింద కృపానిధి

మా ఆయన సమాధి మీద మా ఆయన పేరు లేదు. "బండి భూషణం" అని ఉంది. భూషణం అనేవాడు పుట్టనూ లేదు, చావనూ లేదు. వాడొక సినిమాలో లారీ డ్రైవరు. అయినా వాడికి దండలు పడతాయి, కొబ్బరికాయలు కొడతారు. ఒకడైతే సీసా మూత తీసి బ్రాందీ కూడా పోశాడు. మా ఆయన కృపానిధి గోలీసోడా తాగినా పక్కకు తిరిగి, మూతి తుడుచుకునే మనిషి. ఆ మనిషి నెత్తి మీద బ్రాందీ! చీపురు పట్టుకుని వెంటపడితే ఆ వెధవ గోడ దూకి పారిపోయాడు.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట "ఆఖరి లోడు" అనే సినిమా తీసేవాళ్లు సాలూరు వచ్చారు. ఇది లారీల ఊరు, లారీల సినిమా ఇక్కడే తీయాలన్నారు. బాగానే ఉంది. హీరో చచ్చిపోయాక హీరోయిన్ తల బాదుకోవడానికి ఒక సమాధి కావాలన్నారు. మా బాప్టిస్టు సంఘం సమాధుల తోటలో, వెనకాల ఘాట్ కొండలు కనబడేటట్టు ఉన్నది మా ఆయన సమాధి ఒక్కటే. సంఘం సెక్రటరీ స్టాన్లీ మా ఇంటికొచ్చి, "ఒక్క పూటే ఆంటీ, పేరు మీద పలక అంటిస్తారు, సాయంత్రానికి తీసేస్తారు" అన్నాడు. సరేనన్నాను. అంటించారు. సాయంత్రం తీయబోతే ఊడలేదు. ఏం జిగురు పూశారో గాని, ఆ సినిమావాళ్లు సాలూరులో చేసిన పనులన్నిటిలో గట్టిగా నిలిచింది అదొక్కటే. "మనిషిని పంపిస్తాం" అని వెళ్లినవాళ్లు మళ్లీ పత్తా లేరు. మేస్త్రీ ధనరాజును పిలిస్తే, ఉలి పెడితే కింద పాలరాయీ, దాని మీద పేరూ పెంకులైపోతాయని చేతులెత్తేశాడు.

ఈలోగా సినిమా ఆడేసింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో సినిమా ఆడటమేమిటి, జనం వచ్చి నా మొగుడి మీద పడటమేమిటి! పోయిన ఈస్టరు తెల్లవారుజామున అందరూ తమ తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, నేను బండి భూషణానికి వెలిగించాను. ఆ రోజు వచ్చినంత ఏడుపు ఆయన పోయిన రోజున కూడా రాలేదు. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆయన పేరు ఆయన మీద ఉండాలి, అంతే.

గట్టిగా పోట్లాడదామంటే ఇంకో చిక్కుంది. మా ఆయన ఏ ఉద్యోగం చేశాడో ఈ అభిమానులకు తెలియదు. ఉద్యోగమంతా వేరే ఊళ్లలో చేసి, రిటైరయ్యాక నా ఊరని సాలూరు వచ్చాం. బడిలో పాఠాలు చెప్పిన జ్ఞానసుందరి టీచరమ్మ మొగుడు, చర్చికొచ్చే ముసలాయన, ఇంతవరకే వాళ్లెరుగుదురు, పేరు కూడా తెలియదు. నిజానికి ఆయన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. లారీ ఆపడం, బ్రేకులు చూడడం, బాగోకపోతే అంగుళం కదలనివ్వకపోవడం ఆయన పని. చెక్‌పోస్టులో ఆయన ఉన్నాడని తెలిస్తే ఒడిషా నుంచి దిగే డ్రైవర్లు కొండ మీదే బండి ఆపేసి వంట మొదలెట్టేవారట. ఈ భూషణం అభిమానులంతా డ్రైవర్లు, క్లీనర్లు, టైర్ల షాపులవాళ్లు. తాము దండలు వేస్తున్నది ఎవరికో తెలిస్తే పై పలకతో పాటు కింద రాయినీ గునపంతో లేపేస్తారని నా భయం. అందుకే నోరు కుట్టుకు కూర్చున్నాను.

ఈ ఏడు ఈస్టరు దగ్గర పడుతుండగా స్టాన్లీ ఇంకో కబురు తెచ్చాడు. సముద్రం వైపు ఎక్కడో పెద్ద వినోదాల పార్కు కడతారట. అందులో ఒక్కో సినిమాకు ఒక్కో లోకం. "ఆఖరి లోడు లోకం" కట్టాలా వద్దా అని ఆ కంపెనీవాళ్లు అభిమాన సంఘాన్నే అడిగారట. అందరూ ఒక్క మాట మీద ఔనంటేనే కడతారు, లేకపోతే ఆ స్థలం ఇంకో సినిమాకు ఇచ్చేస్తారు. అది తేల్చుకోవడానికి అభిమానులు సభ పెట్టుకుంటున్నారు. ఎక్కడ? ఇంకెక్కడ, మా ఆయన దగ్గరే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

"ఆ పార్కులో సమాధి కూడా కడతారా?" అని అడిగాను.

"భూషణం సమాధి లేకపోతే ఎలాగ ఆంటీ?" అన్నాడు స్టాన్లీ.

నాకు చటుక్కున తట్టింది. అక్కడ సమాధి కడితే ఈ మంద మొత్తం అక్కడికే పోతుంది. నా మొగుడు నాకు మిగులుతాడు. ఇంట్లో మడత కుర్చీ చంకలో పెట్టుకుని సభకు బయల్దేరాను.

చర్చి సంఘం స్థలంలో ఏ కూటం జరిగినా చర్చి పద్ధతిలోనే జరగాలని స్టాన్లీ పట్టు. ముందు ప్రార్థన. తర్వాత ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, అందరూ చేతులెత్తాలి. వచ్చినవాళ్లలో సగం మంది పైడితల్లమ్మకు మొక్కేవాళ్లే. అయినా ప్రార్థన అయ్యాక గట్టిగా ఆమేన్ అన్నది వాళ్లే. గౌరవాధ్యక్షుడిగా రామతీర్థం నుంచి నరసింగరావు అనే పాతకాలపు డ్రైవర్ని తీసుకొచ్చి, సమాధికి దండ వేయించి, ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ప్రార్థనకు మూసిన కళ్లు మళ్లీ తెరవలేదు. నిద్రపోయాడు.

అభిమాన సంఘం ప్రెసిడెంటు దేవేంద్ర లేచాడు. లారీలకు రంగులు వేసే కుర్రాడు. గుండెల మీద భూషణం బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకుని, అది కనబడాలని చొక్కా గుండీలు పెట్టుకోడు.

"మన లోకం కట్టాలని నాను పెతిపాదిస్తన్నాను. ఘాట్ రోడ్డు మీద బ్రేకుల్లేని లారీ రైడ్ పెడతారు. జనం ఎక్కుతారు, కేకలేస్తారు, దిగిపోతారు. ఇంకేటి కావాల?"

"దిగిపోతారేటి?" అంటూ బొబ్బిలి నుంచి వచ్చిన బెన్హర్ లేచాడు. అరిగిపోయిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపు అతనిది. ఆ సినిమాను లేఖనాల కంటే నిష్ఠగా చదివినవాడు. "సినిమాలో భూషణం దిగినాడా? ఇంటర్వెల్ తరవాత యాక్సిల్ ఇరిగిపోయి బండి ఘాట్లో ఆగిపోతాది. పాటా లేదు, ఫైటూ లేదు, అలా కూకునుంటాడు. అదీ ఆఖరి లోడంటే. రైడు కూడా మధ్యలో ఆగిపోవాల. ఆపుతారేటి ఆళ్లు?"

"డబ్బులెట్టి ఆగిపోయిన బండిలో ఎవుడు కూకుంటాడు బావా?"

"ఆర్టీసీ కాంప్లెక్సులో కదలని బస్సెక్కి కూకోటం లేదేటి?"

దీనికి చప్పట్లు పడ్డాయి. బెన్హర్‌కు ఊపొచ్చింది.

"ఓటేలు ఎడతారంట. బిరియానీ అమ్ముతారంట. సినిమా అంతా భూషణం ఆకలితోటే ఉంటాడు గదరా! ఓటేలు ఉండాల గాని, లోపలికెల్తే అన్నం అయిపోనాదని సెప్పాల. అప్పుడొప్పుకుంటాను."

నీళ్లల్లో జారే బల్ల ఉండాలని ఎవరో అన్నారు. భూషణం ఊళ్లో ఏళ్ల తరబడి చినుకు పడలేదు, నీళ్లెక్కడివని ఇంకెవరో అన్నారు. చివరికి బల్ల పెట్టి నీళ్లు పెట్టొద్దని రాజీ కుదిరింది. ఎండకి పిల్లల తొడలు కాలిపోవా అని కుమారి అనే నర్సమ్మ అడిగితే, "భూషణం కాళ్లు కాలలేదేటి?" అని అందరూ ఆమె మీద పడ్డారు. నేను ఓర్చుకుని కూర్చున్నాను. వీళ్లు ఎండబల్ల పెట్టుకున్నా, ఎండుచేపలు పెట్టుకున్నా నాకనవసరం. ఔనని చేతులెత్తితే చాలు.

అప్పుడు బెన్హర్ గొంతు తగ్గించి అసలు మాట ఎత్తాడు.

"అక్కడ సమాధి కడతారు. అది డూప్లికేటు. భూషణం ఇక్కడున్నాడు. ఒరిజినల్ ఇక్కడెట్టుకుని డూప్లికేటుకి టిక్కెట్టు కొంటామేటి? మనకి లోకం వద్దు, ఏటీ వద్దు. ఇక్కడే సమాధి మీద రేకుల షెడ్డు ఏసుకుందాం. మైకు ఎట్టి రోజూ డవిలాగులు ఏసుకుందాం."

జనం ఈలలు వేశారు. రేకుల షెడ్డు! మైకు! ఇక ఈ జన్మకు కృపానిధి అన్న పేరు నేను చూడను. ఉండబట్టలేక లేచాను.

"ఇక్కడున్నది భూషణం కాదురా, నా మొగుడు!"

"ఆ సంగతి ఎవుడు కాదన్నాడు టీచరమ్మా?" అన్నాడు బెన్హర్ ఎంతో మర్యాదగా. "మీ ఆయన కిందున్నారు, భూషణం పైనున్నాడు. ఒకలికొకలు అడ్డం రాలేదు గదా."

ఆ సినిమా నేను చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఏడాదికి పైగా అందులోని మాటలన్నీ నా మొగుడి తల దగ్గర నిలబడి వల్లిస్తుంటే విని విని కంఠతా వచ్చేసింది. చీర కొంగు బిగించాను.

"సెప్పరా బెన్హరూ. హీరోయిను తల దేనికేసి బాదుకున్నాది? ఈ పలకకా, మా ఆయన ఎముకలకా?"

"పలకకే."

"రగతం దేని మీద కారింది?"

"పలక మీదే."

"మరి ఒరిజినల్ ఏది?"

పలక మీద అరచేత్తో చరిచాను.

"పలక ఎక్కడుంటే భూషణం అక్కడ. దీన్ని ఊడదీసి పట్టుకుపోయి ఆ పార్కులో ఎట్టుకోండి. అప్పుడదే ఒరిజినల్. ఇక్కడ మిగిలీది వొట్టి ముసలాయన, అంతే."

ఆ చివరి మాట అనడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ తప్పలేదు. దేవేంద్ర కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంత పిచ్చి అభిమానం ఎట్టుకుని ఇన్నాళ్లూ సెప్పలేదేటి టీచరమ్మా? అయితే రిస్కెందుకు, క్రేను తెచ్చి అడుగునుంచి మట్టితో సహా లేపీసి పట్టుకుపోదాం!"

"మట్టి ముట్టుకున్నావంటే కాళ్లిరగ్గొడతాను, ఏటనుకున్నావో!" అని నేను అరిచాను. అయితే నన్ను ఆదుకున్నది బెన్హరే.

"మట్టి సినిమాలో లేదురా. కెమెరా పైనుంచి ఎట్టినాడు. పలక వరకే మనది."

పలకను తీసుకెళ్లి లోకంలో పెట్టాలని, రైడు మాత్రం మధ్యలో ఆగి తీరాలని బెన్హర్ ప్రతిపాదించాడు. దేవేంద్ర బలపరిచాడు. అన్ని చేతులూ లేచాయి. నేనూ ఎత్తాను, రెండు చేతులూ.

ధనరాజు భయపడ్డ పనికి వీళ్లు ఒక్క క్షణం జంకలేదు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన నట్లు విప్పడమే కదా వీళ్ల బతుకు. అంచుల చుట్టూ డీజిలు పోశారు. బెన్హర్ తన వ్యాన్లోంచి వేడిగాలి కొట్టే మిషను తెచ్చి పలక మీద తిప్పాడు. లారీ కమాన్ కట్టలోని పాత ఇనపబద్ద ముక్కను పలచగా సానబట్టి సందులో దూర్చారు. చంటిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినట్టు పలకను ఎత్తి తువ్వాల్లో పెట్టుకున్నారు.

కింద రాయి చెక్కు చెదరలేదు. డీజిలు తడికి అక్షరాలు నల్లగా మెరుస్తున్నాయి.

"కె. కృపానిధి. మోటారు వాహనాల తనిఖీ అధికారి."

అప్పటిదాకా పలక ఊడాలన్న ధ్యాసే గాని, ఊడితే ఏమవుతుందన్న ధ్యాస నాకు లేకపోయింది. ఈ గోలకు నరసింగరావుకు మెలకువ వచ్చినట్టుంది. కళ్లజోడు పెట్టుకుని వచ్చి, వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"కృపానిధా? బ్రేక్ ఇనస్పెట్రు కృపానిధా? ఓరి దీని సిగతరగా! నా సేత దండ ఏయించింది ఈడికేటర్రా!"

కాలి చెప్పు తీశాడు. నేను పరుగెత్తుకెళ్లి రాయికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"కొడితే నన్ను కొట్టు!"

"నిన్నెందుకు కొడతాను సెల్లెమ్మా! ఈడు నా బండిని చెక్‌పోస్టు కాడ ఎండబెట్టీసినాడు. లోడంతా పనసకాయలు. కుళ్లిపోయి ఊరంతా ఒకటే కంపు. టీ తాగండి సార్ అని బతిమాలితే, నాకు కాదు నీ బ్రేకులకి పట్టు ఆయిలు, అన్నాడు!"

దేవేంద్ర నోరు వెళ్లబెట్టాడు. "తెల్లసొక్కాతో బండి కిందకి దూరిపోయీవోడంట, ఆయనేనేటి? నాను అన్నం తినకపోతే కృపానిధొస్తాడని మాయమ్మ బెదిరించీది!"

"మా మావ పెళ్లికి లారీలో ఎల్తంటే అందర్నీ దింపీసినాడంట," అని వెనకనుంచి ఎవరో అరిచారు. "పెళ్లికొడుకు ఎండలో నడుసుకుని ఎల్లినాడు!"

"అదొక్కటేటి?" నరసింగరావు చెప్పు గాల్లో ఊపుతూనే ఉన్నాడు. "బండి కింద ఎల్లకిలా పడుకుని పాటలొకటి! బ్రేకులు సూసినంతసేపూ యేసు పాటలు పాడీవోడు. ఆ గాడిద గొంతుకి నా క్లీనరు సెవులు మూసుకునీవోడు."

నేను రాతి అంచున కూర్చుండిపోయాను. ఆయన పాడేవారా? చర్చిలో ఇన్నేళ్లు నా పక్కనే నిలబడ్డారు. పెదవులు కదిలేవి, గొంతు వినబడేది కాదు. ఆయనకు పాట రాదనుకున్నాను నేను. లారీల కింద నూనె మరకల మధ్య గొంతెత్తి పాడుకునేవారన్నమాట.

వాళ్లు తిడుతూనే ఉన్నారు. వాళ్ల నాన్నలు తిట్టినవి, మామలు తిట్టినవి అన్నీ జ్ఞాపకం చేసుకుని మరీ తిడుతున్నారు. ఇన్నాళ్లూ ఇక్కడ ఎవడికో దండలు పడ్డాయి, ఎవడి కోసమో ఏడ్చారు. ఇప్పుడు మా ఆయన్ని, మా ఆయన పేరు పెట్టి, మా ఆయన చేసిన పనికే తిడుతున్నారు. ఎంత సంతోషంగా ఉందో నేను చెప్పలేను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

నరసింగరావు అలిసిపోయి, నన్ను చూసి జాలిపడి, చెప్పు కిందపడేసి కాలికి తొడుక్కున్నాడు. పద పదండి అంటూ వెళ్లబోయాడు. నేను లేచి నా మడత కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాను.

"కూకో అన్నా," అన్నాను. "ఇంకా ఏటేటి సేసీవారో సెప్పు."