రాజ్యం నవ్విన సినిమా

మాలకొండయ్యకు పెళ్ళాం మీద ముప్ఫై ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ఆవిడ నవ్వు. వంటకు వంక లేదు, చేలో పనికి తిరుగు లేదు, కానీ రాజ్యం నవ్విందంటే మూడు చేల అవతల మందు కొట్టేవాడు పంపు ఆపి ఇటు చూడాల్సిందే. మొదలవడం మామూలుగానే మొదలయ్యేది. మధ్యలో ఎక్కడో పట్టు తప్పి, పైకెగిరి, ఇక అయిపోయిందిలే అనుకునేసరికి మళ్ళీ అందుకునేది. పెళ్ళిళ్ళలో ఆవిడ నవ్వుకు సన్నాయి వాయించేవాళ్ళు తలలు తిప్పి చూసిన రోజులున్నాయి. నలుగురిలో మాలకొండయ్యకు తల కొట్టేసినట్టయ్యేది. మోచేత్తో పొడిచేవాడు, కళ్ళెర్రజేసేవాడు, ఇంటికొచ్చాక గంటసేపు సణిగేవాడు.

నిజానికి ఆ ఇంటిని నిలబెట్టిందే ఆ గొంతు. పొదిలికి ఏడెనిమిది మైళ్ళ అవతల ఉన్న వాళ్ళ ఊళ్ళో మిరపకోతల ముఠాకు మేస్త్రి రాజ్యమే. పొద్దున్నే వీధి మొగలో నిలబడి ఒక్క కేక వేస్తే పాతికమంది ఆడవాళ్ళు సద్దిక్యారేజీలు పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. ఎవరికీ ఫోన్ చెయ్యాల్సిన పని ఉండేది కాదు.

సినిమావాళ్ళు ఆ ఊరికి వచ్చింది మూడేళ్ళ కిందట, కోతలు ముమ్మరంగా సాగుతున్న మాఘమాసంలో. డైరెక్టరు ఒక అమ్మాయి. పేరు బిందుమాధవి, చీరాలలో మగ్గం నేసేవాళ్ళ పిల్ల. మాలకొండయ్య చేను పక్కనే ఒకప్పుడు పచ్చి పొగాకును వేడికి కాల్చి ఆరబెట్టి, ఇప్పుడు పాడుబెట్టిన బ్యారన్ కొట్టం ఒకటుంది. ఎత్తుగోడలు, లోపలంతా చీకటి. దయ్యానికి ఇంతకన్నా మంచి కాపురం దొరకదని ఆ అమ్మాయి దాన్ని ఏరుకుంది. సినిమా పేరు 'బ్యారన్‌లో పున్నమ్మ'. పున్నమ్మ అంటే ఆ దయ్యమే. మనుషుల్ని బెదరగొట్టడానికి వచ్చి, వాళ్ళ గోలకు తానే బెదిరిపోయే రకం.

షూటింగు రెండోరోజే పొగ మిషను మొరాయించింది. గడ్డి మండేసి పొగ పెడదామన్నారు. నేను తెస్తానంటూ మాలకొండయ్య ముందుకురికాడు. సినిమాలో తన చెయ్యి కూడా ఒకటి పడాలని ఆయనకు లోపల్లోపల మహా ఆశ. కళ్లంలో పోగేసి ఉన్న ఎండుగడ్డి రెండు మోపులు తెచ్చి, బ్యారన్ లోపల పోసి అంటించాడు. ఆ గడ్డి మీదే నెలరోజుల పాటు తాలుకాయలు, అంటే రంగు పోయిన మిరపకాయలు, ఎండబోసిన సంగతి మర్చిపోయాడు. గింజలూ పొట్టూ అంతా ఆ గడ్డిలోనే ఉంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయల మధ్య బతికిన మనిషి చెయ్యాల్సిన పనేనా అది?

ఘాటు లేచింది. హీరో దగ్గుకుంటూ, కెమెరా ఆయన తుమ్ముకుంటూ, పున్నమ్మ వేషం కట్టిన నటి విగ్గు చంకన బెట్టుకుని కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుని మిరపచేలోకొచ్చి పడ్డారు. అందరి వెనకా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని మాలకొండయ్య. సాలులో కాయలు కోస్తున్న రాజ్యం నడుమెత్తి చూసింది. దయ్యాన్ని తరిమింది తన మొగుడేనని తెలిసిపోయింది. ఇక నవ్వింది చూడండి, కొయ్యబోయిన కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ గొడవలో బయట తలుపుకు ఎదురుగా పెట్టిన ఇంకో కెమెరా ఆపినవాడు లేడు, మైకు ఆపినవాడు లేడు. ఆ పరుగంతా సినిమాలో ఒక సీనైపోయింది. సాయంత్రం సౌండు చూసే ఇలియాస్ అదంతా వినిపిస్తే బిందుమాధవి ఎగిరి గంతేసింది. పున్నమ్మకు నవ్వు దొరికిందంది. మరుసటి రోజు రాజ్యాన్ని మైకు ముందు కూర్చోబెట్టి ఇంకోసారి నవ్వమన్నారు. ఆవిడ గొంతు సవరించుకుంది, మంచినీళ్ళు తాగింది, సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు మాత్రం రాలేదు. నవ్వమంటే నవ్వెక్కణ్ణుంచి వస్తుందమ్మా అని లేచిపోయింది. దాంతో చేలో పట్టిన నవ్వులోనే దగ్గులు కలవని ముక్కలు ఏరి, పున్నమ్మ నవ్వినచోటల్లా పెట్టుకున్నారు. ఆ నవ్వు ఇక ఊరూరా వినపడుతుందని మాలకొండయ్య వారం రోజులు మూతి ముడుచుకు తిరిగాడు.

సినిమా దసరాకి విడుదలన్నారు. ఆ తర్వాత ఉగాదికన్నారు. తీసినవాళ్ళకూ కొనేవాళ్ళకూ పొసగలేదన్నారు, పెద్ద సినిమాలొస్తున్నాయి హాళ్ళు దొరకవన్నారు. పొదిలి బస్టాండు గోడకు అంటించిన పోస్టరు ఎండకు వెలిసిపోయి, దాని మీద కోచింగు సెంటరు కాగితం పడింది. ఊళ్ళోవాళ్ళు మొదట్లో అడిగారు, తర్వాత ఎగతాళి చేశారు, ఆనక మర్చిపోయారు.

రెండో ఏడు రాజ్యం గొంతు బొంగురుపోయింది. మిరప ఘాటేలే అనుకున్నారు. ఎన్నాళ్ళకీ తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్ళారు. గొంతులో గడ్డ ఉందన్నారు. మనిషికి ఢోకా లేదు గానీ గొంతు సంగతి చెప్పలేనని డాక్టరు ముందే అన్నాడు. గడ్డ తీశారు. మనిషి లక్షణంగా ఉంది, గొంతు పోయింది. మిగిలింది చెవి దగ్గర పెడితే వినపడే గుసగుస. ముఠాను ఇప్పుడు అందులోనే కోతకొచ్చే మౌలాబీ కేకేసి పిలుస్తుంటే రాజ్యం పక్కన నిలబడి చెయ్యి ఊపుతోంది.

ఒకరోజు టీవీలో ఏదో చూస్తూ రాజ్యం నవ్వింది. భుజాలు అదిరాయి, నోరు తెరుచుకుంది, ఒట్టి గాలి వచ్చింది. మాలకొండయ్య నీళ్ళ వంకన పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర కూర్చుని ఏడ్చాడు. ముప్ఫై ఏళ్ళు తగ్గించు తగ్గించు అని దాన్ని కాల్చుకు తిన్నాను, దేవుడు చివరికి నా మాటే విన్నాడు అనుకున్నాడు.

అప్పట్నుంచీ ఆయనకు ఆ సినిమా పిచ్చి పట్టింది. ఆ నవ్వు లోకం మొత్తానికి ఇంకెక్కడా లేదు, ఆ సినిమాలో ఉంది. ఒక్కసారి వినాలి, ఆవిడ చేత వినిపించాలి. పోయినదాన్ని విని ఏం చేసుకుంటామని రాజ్యం చేతులు తిప్పినా ఊరుకోలేదు. బిందుమాధవి పాత నంబరు పనిచెయ్యడం మానేసినా, వారానికోసారి దానికే ఫోన్ చేసేవాడు.

మొన్న కార్తీకంలో కొత్త నంబరు నుంచి ఆ అమ్మాయే చేసింది. శుక్రవారం విడుదలట. పొదిలిలోనూ ఆడుతుందట. మాలకొండయ్య సంతోషంతో ఏదో అనబోతుంటే ఆ అమ్మాయి నసిగింది. సినిమా కొన్నవాళ్ళకు పున్నమ్మ నవ్వు నచ్చలేదట, వింటే భయం వెయ్యడం లేదట, హైదరాబాదులో వేరే ఆవిడ చేత నవ్వించి మార్చేశారట. రాజ్యం పిన్నికి ఈ మాట తన నోటితోనే చెప్పాలని చేసిందట.

మాలకొండయ్య పత్తిచేలో గట్టు మీద కూలబడ్డాడు.

"అమ్మాయ్, మీ పిన్నికిప్పుడు గొంతు లేదమ్మా. ఆ నవ్వొక్కటే మిగిలింది మాకు" అన్నాడు.

 ఆ అమ్మాయి ఏడుపు దిగమింగుకుంటూ చెప్పింది. ఒక్కచోట మాత్రం తియ్యలేకపోయారు, ఆ పొగ సీనులో. దగ్గులూ కేకలూ నవ్వూ అన్నీ ఒకే మైకులో కలిసిపోయాయి, విడదియ్యడం కుదరలేదు. కానీ నిడివి ఎక్కువైందని ఇప్పుడు ఆ సీనే ఎత్తేస్తామంటున్నారు. సౌండంతా వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, విడిగా పంపుదామన్నా తన చేతిలో ఏమీ లేదు. పోట్లాడతాను బాబాయ్ అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

శుక్రవారం ముఠా అంతా పత్తితీత మానుకుని, ట్రాక్టరెక్కి, పొదిలిలో మ్యాట్నీకి దిగింది. నవ్వు మార్చేసిన సంగతి మాలకొండయ్య ఎవరికీ చెప్పలేదు, రాజ్యానికి అసలే చెప్పలేదు.  తెర మీద పున్నమ్మ మొదటిసారి నవ్వగానే, ఇది మన రాజ్యం కాదే అని మౌలాబీ హాలంతా వినపడేట్టు అరిచింది. రాజ్యం మెల్లగా మొగుడి మొహంలోకి చూసింది. ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. ఇంటర్వెల్ అయింది, పొగ సీను రాలేదు. కథ ముగింపుకొస్తోంది, ఇంకా రాలేదు.  బతిమాలి పట్టుకొచ్చి దీని మనసు ఇంకాస్త విరిచానే అని మాలకొండయ్య కుమిలిపోయాడు.

అంతలో బ్యారన్ తలుపు దడాలున తెరుచుకుంది. హీరో దగ్గుతూ వచ్చి పడ్డాడు, విగ్గుతో సహా పున్నమ్మ వచ్చి పడింది, వాళ్ళ వెనక ఆ నవ్వు. మూడేళ్ళ కిందటి రాజ్యం నవ్వు, పట్టు తప్పి, పైకెగిరి, హాలు కప్పుకు తగిలింది. ముఠా ఈలలేసింది. మాలకొండయ్య సీట్లోంచి సగం లేచాడు. ఆ నవ్వు మధ్యలో, ఇంకో గొంతు కూడా వినపడింది.

"ఆపవే! పరువు తీస్తన్నావు, నోర్మూసుకో!"

అది తన గొంతే. అట్లా అన్నట్టు కూడా ఆయనకు గుర్తులేదు. నవ్వు టక్కున ఆగింది. హాలంతా గొల్లుమంది. మాలకొండయ్య తల వాల్చేశాడు. ఇన్నాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తే, తీరా చూస్తే దాన్ని నొక్కేసింది తన నోరే.

రెండు క్షణాలు అంతే. తర్వాత నవ్వు మళ్ళీ లేచింది. ఈసారి అడ్డూ ఆపూ లేదు, ముందరిదానికి రెట్టింపు. దగ్గులూ కేకలూ అందులో కొట్టుకుపోయాయి. జనం సీట్లలో దొర్లి దొర్లి నవ్వుతున్నారు. పక్కన రాజ్యం భుజాలు అదురుతున్నాయి.

మాలకొండయ్య ఆవిడ వైపు వంగాడు. "నేనట్టా అనకుండా ఉండాల్సింది రాజ్యం. ఎప్పుడూ అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

రాజ్యం ఆయన తల దగ్గరికి లాక్కుని చెవిలో నోరు పెట్టింది.

"నీ మొహం. నువ్వట్టా కసిరితేనే గదయ్యా నాకంత నవ్వొచ్చేది. ఏదీ, ఇప్పుడోసారి కసురు."

మాలకొండయ్య కసురుదామనే నోరు తెరిచాడు. ఆయనకూ ఒట్టి గాలే వచ్చింది.